కదిలే వస్తువు ఇప్పుడు ఎక్కడ ఉన్నది?

2019 నవంబరు 11వ తేదీ ఉదయము కర్నూలు నుండి గద్వాల, వనపర్తి రోడ్డు మీదుగా సికిందరాబాదు వెళ్ళు హంద్రీ ఎక్స్‌ప్రెస్ హైదరాబాదు నగరములోని కాచిగూడ స్టేషనులో ప్రవేశించుచున్నది. అదే సమయమున ఆ స్టేషను నుండి బయలుదేరిన ఎం.ఎం.టి.ఎస్. లోకలు బండి ఎదురుగా వచ్చి దానిని ఢీకొన్నది. రెండును తక్కువ వేగముతో పోవుచుండుటచే ప్రయాణికులు గాయములతో బయటపడిరి. లోకలు బండి డ్రైవరు మాత్రము నుజ్జయిన క్యాబినులో సుమారు ఎనిమిది గంటలు చిక్కుకొని, బయటికి తీసిన పిదప కొద్ది దినములకే మరణించెను. అనుమతి సంకేతము పడకముందే ఆ బండి కదలినదని ప్రాథమిక విచారణలో తేలినది. స్టేషను వారి లెక్కలో ఆ బండి ఇంకను నిలిచి ఉండవలెను. పట్టాలపైన అది అప్పటికే కదలిపోయినది.

నాగర్‌కర్నూలు పట్టణమునకు రైలు లేదు. రాయచూరు నుండి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మీదుగా మాచర్లకు వేయదలచిన మార్గములో రాయచూరు–గద్వాల భాగము మాత్రమే 2013లో పూర్తియైనది. కాని నాగర్‌కర్నూలు ఉన్నత పాఠశాల విద్యార్థి ఇటువంటి చిక్కునే సాయంకాలము తన చేతిలోని ఫోనుపై చూచుచున్నాడు. పలువురు కలిసి ఆడు ఆటలో అతని బొమ్మ పరుగెత్తి గోడ చాటునకు చేరును. మరుక్షణమున ఎవరో చొక్కా పట్టి లాగినట్లు నాలుగడుగులు వెనుకకు వచ్చి పడును. 'ల్యాగ్' అని విద్యార్థి విసుగుకొనును. కొన్నిసార్లు ఫోనును నిందించును. తప్పు ఫోనుది కాదు. ఆ బొమ్మ ఎక్కడ ఉన్నదను విషయమున రెండు లెక్కలు ఉన్నవి. ఒకటి అతని ఫోనులో ఉన్నది, రెండవది ఎక్కడో దూరముననున్న మరొక కంప్యూటరులో ఉన్నది. ఆ రెండు లెక్కలును ఒక క్షణము వేరైనవి.

దూరముననున్న వస్తువు కదలుచుండగా, అది 'ఇప్పుడు' ఎక్కడ ఉన్నదో ఎవ్వరును చూడజాలరు. మనకు అందునది ఎల్లప్పుడును పాత వార్తయే. ఈ పాత వార్తతో నేటి పని ఎట్లు నడుపవలెనను ప్రశ్నకు మానవుడు నూరు సంవత్సరములకు పైగా సమాధానములు వెదకుచున్నాడు. వానిలో కొన్ని రైలు పట్టాల వద్ద, కొన్ని యుద్ధ శిక్షణ శాలలలో, కొన్ని పిల్లల ఆటలలో పుట్టినవి. చివరకు ఆ ఊహలు అన్నియు గద్వాల రైలుమార్గమున ఒక్కచోట కనబడుచున్నవి.

వార్త ఎంత పాతది?

మొదట ఆలస్యమును కొలిచి చూతము. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోవును. గద్వాల నుండి ముంబయికి సరళ రేఖలో సుమారు 600 కిలోమీటర్లు. కాబట్టి వార్త అచటికి చేరుటకు 3 మిల్లీసెకనులు, బదులు తిరిగి వచ్చుటకు మరొక 3. ఇది ప్రకృతి విధించిన కనీస సుంకము. దీనిని ఏ కంపెనీయు తగ్గింపజాలదు. నిజమునకు తీగ సరళ రేఖలో పోదు. నడుమ అనేక యంత్రములు వార్తను అందుకొని, వరుసలో నిలిపి, ముందుకు పంపవలెను. ఫోనుకును టవరుకును నడుమ మరికొంత కాలము పోవును. అందుచే 6 మిల్లీసెకనులు కావలసినచోట తరచుగా అందుకు ఎన్నో రెట్లు పట్టుచున్నది. ఇక వనపర్తిలోని తమ్ముడును కాలిఫోర్నియాలోని అన్నయు కలిసి ఆడదలచినచో, 14 వేల కిలోమీటర్ల దూరమునకు రానుపోను 140 మిల్లీసెకనులు కాంతికే చెల్లింపవలెను. సెకనుకు 5 మీటర్లు పరుగెత్తు బొమ్మ ఆ వ్యవధిలో 70 సెంటిమీటర్లు ముందుకు పోయి ఉండును.

ఆలస్యము స్థిరముగా ఉన్నను కొంత మేలే. ఒక వార్త 40 మిల్లీసెకనులలో, తరువాతిది 180లో వచ్చుట, నడుమ ఒకటి అసలు రాకపోవుట, ఇదియే అసలు బాధ.

సొరంగములోని ఒక సమాధానము

ఈ చిక్కు ఎంత ఘోరమైనదో లోకమునకు తొలిసారి స్పష్టముగా తెలిపినది కంప్యూటరు కాదు, తంతి. 1861 ఆగస్టు 25వ తేదీన ఇంగ్లండులో లండను–బ్రైటను మార్గముననున్న క్లేటన్ సొరంగము వద్ద జరిగిన సంగతి భౌతికశాస్త్రము చెప్పువారు తప్పక తెలుసుకొనదగినది. సొరంగమునకు రెండు కొసలయందును ఒక్కొక్క కాపరి, వారి నడుమ తంతి. మొదటి బండి సొరంగములో ప్రవేశించినది. దాని వెనుక తానంతట 'ఆగుము' అని చూపవలసిన సంకేతము పనిచేయలేదు. అంతలో రెండవ బండి వచ్చినది. కాపరి కంగారుపడి ఎర్రజెండా ఊపెను. జెండాను డ్రైవరు చూచినాడో లేదో కాపరికి తెలియదు; బండి సొరంగములోనికి పోయినది. నిజమునకు డ్రైవరు జెండాను చూచెను. లోపల బండిని ఆపి వెనుకకు నడుప నారంభించెను.

'సొరంగము ఖాళీయా?' అని దక్షిణపు కాపరి తంతి ద్వారా అడిగెను. అప్పుడే ఉత్తరపు కొసన మొదటి బండి బయటికి వచ్చినది. 'ఖాళీ' అని ఉత్తరపు కాపరి బదులు పలికెను. అతడు చెప్పినది మొదటి బండి మాట. అడిగినవాడు దానిని రెండవ బండి మాటగా గ్రహించెను. ఇక అడ్డము లేదనుకొని మూడవ బండికి తెల్లజెండా చూపెను. చీకటిలో వెనుకకు వచ్చుచున్న రెండవ బండిని మూడవది గుద్దినది. 23 మంది మరణించిరి.

ఇందులో ఎవ్వరును అబద్ధమాడలేదు. తంతి తీగ కూడ పనిచేసినది. లోపమెల్ల ఏమనగా, ఆ సమాధానమునకు నంబరు లేదు. అది ఏ బండిని గురించినది, ఏ క్షణమును గురించినది అని వార్తలో వ్రాసిలేదు. నేటి ఆట సర్వరు తాను పంపు ప్రతి సమాధానమునకు ఒక వరుస సంఖ్యను ఎందుకు తగిలించునని విద్యార్థి అడిగినచో ఈ సొరంగము కథ చెప్పవచ్చును.

ఈ ప్రమాదము రైలుమార్గములను 'బ్లాకు' పద్ధతి వైపు త్రోసినది. మార్గమును ముక్కలుగా విభజించి, ఒక ముక్కలో ఒక బండి ఉన్నంతసేపు రెండవదానిని రానీయకుండుట ఈ పద్ధతి సారాంశము. మన దేశమున ఒంటి లైనులపై చాలకాలము వాడిన నీల్ గుండు యంత్రము ఇట్టిదే. రెండు స్టేషనులలోని యంత్రములు తీగతో ముడిపడి ఉండును. ఒక యంత్రము నుండి ఉక్కు గుండు ఒకటి బయటికి తీసినచో, అది తిరిగి ఏదో ఒక యంత్రములో పడువరకు రెండవ గుండు రాదు. ఆ గుండును సంచిలో పెట్టి, పెద్ద వలయమునకు కట్టి, కదలుచున్న ఇంజను డ్రైవరుకు అందించు దృశ్యము పాతతరము వారికి గుర్తుండును. ఇందులో ఊహకు తావు లేదు. బండి ఆ ముక్కలో ఎక్కడ ఉన్నదో ఎవరికిని తెలియనక్కరలేదు. గుండు ఎవరి చేత ఉన్నదో తెలిసిన చాలును. భద్రత సంపూర్ణము. కాని మూల్యము కాలము; ఒకరు కదలవలెనన్నచో మరొకరు వేచియుండవలెను.

డూమ్ నుండి క్వేక్ వరకు

ముప్పది సంవత్సరములకు పైగా క్రిందట కంప్యూటరు ఆటలు కూడ ఈ వేచియుండు పద్ధతితోనే ప్రారంభించినవని చెప్పిన ఆశ్చర్యము కలుగును. 1993 డిసెంబరులో అమెరికాలోని ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ విడుదల చేసిన 'డూమ్' ఆటను నలుగురు వరకు కలిసి ఆడవచ్చును. ఆట కాలము సెకనుకు 35 భాగములుగా నడచును. ప్రతి భాగమునందు ప్రతి యంత్రము తన ఆటగాడు నొక్కిన మీటలను మిగిలినవారికి పంపును. అందరి వార్తలు అందిన పిదపనే ఆట ఒక అడుగు ముందుకు వేయును. అన్ని యంత్రములును ఒకే లెక్కను ఒకే క్రమమున చేయును గనుక ఫలితము అన్నిటను ఒకటే. కవాతులో అడుగు కలిపినట్లు ఇది. ఒకే గదిలో తీగలతో కలిపిన యంత్రములకు ఇది చక్కగా పనిచేసినది. కాని ఒక్కని తీగ మందగించిన నలుగురును ఆగవలెను.

1996 జూనులో వచ్చిన 'క్వేక్' ఈ పద్ధతిని విడిచినది. ఇక్కడ సర్వరు ఒక్కటే ఆటను నడపును. ఆటగాని యంత్రమును క్లయింటు అందురు. అది మీటల వార్తను సర్వరుకు పంపి, సర్వరు చెప్పిన దృశ్యమును తెరపై చూపును. పొలమును దున్నునది రైతే ఐనను గట్టు ఎక్కడ ఉన్నదో పూర్వము పట్వారీ పుస్తకము తేల్చినట్లు, బొమ్మను కదిలించునది ఆటగాడే ఐనను అది ఎక్కడ ఉన్నదో సర్వరు తేల్చును. ఇందులో ఒక సుగుణము ఉన్నది. తన యంత్రములో దొంగలెక్క వ్రాసి 'నేను గోడ దాటితిని' అనువాని మాట చెల్లదు.

దోషము కూడ అక్కడనే ఉన్నది. మీట నొక్కిన వార్త సర్వరుకు పోయి, ఫలితము తిరిగి వచ్చువరకు తెరపై బొమ్మ కదలదు. టెలిఫోను తీగపై మోడెము ద్వారా ఆడువారికి ఈ రాకపోకలకు సెకనులో మూడవ వంతు వరకు పట్టుచుండెను. మీట నొక్కి, ఒక లిప్త వేచి, అప్పుడు తిరుగు మనిషిని ఊహించుడు, మంచుమీద నడచినట్లుండును. ఆట కర్త జాన్ కార్మాక్ తాను వేగవంతమైన తీగలను దృష్టిలో ఉంచుకొని నిర్మించితినని, ఆడువారిలో అధికులు మోడెములపై ఉన్నారని ఆ సంవత్సరము ఆగస్టులోనే బహిరంగముగా ఒప్పుకొనెను. ఈ ఒప్పుకోలు ఈ చరిత్రలో ముఖ్యమైనది. తన యంత్రము బాగున్నది, లోకము తీగలే బాగులేవని అతడు చెప్పియుండవచ్చును. 1996 డిసెంబరులో 'క్వేక్‌వరల్డ్' అను సవరించిన రూపము వెలువడినది.

అందలి ఉపాయము వినుటకు సులభము. సర్వరు సమాధానము కొరకు వేచియుండక, సర్వరు ఏమి చెప్పునో క్లయింటు తానే లెక్కించుకొని బొమ్మను వెంటనే కదిలించును. సమాధానము వచ్చినప్పుడు సరిచూచుకొనును. చిక్కంతయు ఈ 'సరిచూచుకొనుట'లో ఉన్నది. ఏలయనగా వచ్చిన సమాధానము పాతది. దానిని నేటి స్థానముతో పోల్చిన తప్పు ఎల్లప్పుడును కనబడును.

ఒక ఉదాహరణము నల్లబల్లపై వేసి చూపదగినది. బొమ్మ సెకనుకు 5 మీటర్లు పరుగెత్తుచున్నది. 50 మిల్లీసెకనులకు ఒక ఆజ్ఞ చొప్పున పోవుచున్నది. అనగా ఒక్కొక్క ఆజ్ఞకు 25 సెంటిమీటర్లు. ప్రతి ఆజ్ఞకు నంబరు ఉన్నది. రాకపోకలకు 200 మిల్లీసెకనులు పట్టునని అనుకొందము. క్లయింటు 40వ ఆజ్ఞను పూర్తిచేసి బొమ్మను 10 మీటర్ల వద్ద నిలిపిన సమయమున సర్వరు నుండి '36వ ఆజ్ఞ తరువాత నీవు 9 మీటర్ల వద్ద ఉన్నావు' అని వార్త వచ్చును. క్లయింటు ఏమి చేయును? తన బొమ్మను 9 మీటర్ల వద్దకు త్రిప్పి, ఇంకను సమాధానము రాని 37, 38, 39, 40 ఆజ్ఞలను తిరిగి అమలుచేయును. తొమ్మిదికి నాలుగు పాతికలు కలిపిన పది. ఊహ సరియైనది, తెరపై ఏమియు కదలలేదు, ఆటగానికి ఏమియు తెలియదు.

ఇప్పుడు 36వ ఆజ్ఞ నాటికి మరొక ఆటగాడు అడ్డము వచ్చెననుకొందము. ఆ సంగతి క్లయింటుకు తెలియదు, సర్వరుకు తెలియును. సర్వరు '36 తరువాత నీవు 8.50 వద్ద ఉన్నావు' అనును. నాలుగు ఆజ్ఞలు తిరిగి అమలుచేసిన 9.50 వచ్చును. తెరపై 10 వద్దనున్న బొమ్మ అరమీటరు వెనుకకు రావలెను. నాగర్‌కర్నూలు విద్యార్థి చూచిన 'చొక్కా పట్టి లాగుట' ఇదియే. ఊహ చేయుట నేరము కాదు. ఊహకు అందని సంగతి నడుమ జరిగినది. మంచి ఆటలలో ఈ సవరణను ఒక్కసారిగా చేయక, కొన్ని చిత్రములలో పంచి, కంటికి ఆనకుండ చేయుదురు.

ఇది తన బొమ్మ సంగతి. ఇతరుల బొమ్మలను ఊహించుట మరింత కష్టము. వారి వ్రేళ్ళు ఏ మీట నొక్కబోవునో మన యంత్రమునకు ఏమి తెలియును? కనుక పెక్కు ఆటలు వారిని కావలెననియే కొంత గతములో, సెకనులో పదవ వంతు వెనుకగా చూపును. అందుచే అందిన రెండు వార్తల నడుమ బొమ్మ నున్నగా జరుగును. దీనిచే ప్రతి ఆటగాడును తన్ను వర్తమానములోను, ఎదుటివానిని భూతకాలములోను చూచుచున్నాడని తేలినది! గురిపెట్టి కొట్టినను తగులదు. 2001లో వాల్వ్ సంస్థకు చెందిన యాన్ బెర్నియర్ ప్రకటించిన వ్యాసము ఇందుకు ప్రసిద్ధమైన విరుగుడును వివరించినది. దెబ్బ వార్త అందగానే సర్వరు, ఆ ఆటగాడు చూచుచుండిన క్షణమునకు అందరి స్థానములను వెనుకకు త్రిప్పి, దెబ్బ తగిలినదా అని తీర్పు చెప్పును. కొట్టినవానికి న్యాయము జరిగినది. కాని గోడ చాటునకు చేరిన పిదప తాను చచ్చితినని దెబ్బతిన్నవాడు మొరపెట్టును; అతని దృష్టిలో అదియు నిజమే. ఆలస్యము పోలేదు. ఒకరి నుండి మరొకరికి బదిలీ అయినది.

పంపువాడు చేయు ఊహ

ఆటలకంటె ముందే మరొక చోట ఈ విద్య పెరిగినది. ఒడ్డు కనబడని సముద్రముపై నావికుడు దిక్సూచి చూపిన దిశను, ఓడ వేగమును, గడచిన కాలమును గుణించి తన స్థానమును పటముపై గుర్తించుకొనును. దీపస్తంభమో నక్షత్రమో కనబడినప్పుడు దిద్దుకొనును. 1983లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా ఆరంభించిన 'సిమ్‌నెట్' ఈ నావికుని పద్ధతిని తిరుగవేసినది. వేర్వేరు ఊళ్ళలోని కృత్రిమ టాంకులలో కూర్చున్న సిపాయీలు ఒకే కృత్రిమ రణరంగమున శిక్షణ పొందవలెను. ప్రతి టాంకు తన స్థానమును క్షణక్షణము అందరికిని పంపినచో నాటి తీగలు మోయజాలవు.

కనుక ప్రతి యంత్రము ఇతర టాంకులు పాత వేగముతో అదే దిశలో పోవుచున్నవని ఊహించుచుండును. చమత్కార మేమనగా, పంపువాడు కూడ తన్ను గురించి ఇతరులు చేయుచున్న ఆ ఊహనే తన వద్ద చేసికొనును. తన నిజస్థానము ఆ ఊహ నుండి ఒక హద్దు దాటి తొలగినప్పుడే కొత్త వార్త పంపును. తిన్నగా పోవు టాంకు దాదాపు మౌనముగా ఉండును. మలుపు తిరిగినది మాటాడును. 'నన్ను గూర్చి వారు ఏమనుకొనుచున్నారో నాకు తెలియును; అది తప్పినప్పుడే చెప్పెదను' అనుట ఎంత పొదుపైన పద్ధతి!

గద్వాల మార్గమున కవచ్

ఇప్పుడు పట్టాల వద్దకు తిరిగి వత్తము. మన రైల్వేలు రూపొందించుకొన్న స్వయంచాలక రక్షణ వ్యవస్థ పేరు 'కవచ్'. లక్నోలోని ఆర్.డి.ఎస్.ఓ. పర్యవేక్షణలో దేశీయ కంపెనీలు దానిని తయారుచేసినవి. 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల బండ్లపై మొదటి క్షేత్ర పరీక్షలు జరిగినవి; 2020 జూలైలో ఇది జాతీయ వ్యవస్థగా స్వీకరింపబడినది. 2022 మార్చి 4వ తేదీన వికారాబాదు వైపు గుల్లగూడ–చిట్టిగడ్డ స్టేషనుల నడుమ ఒకే పట్టాపై రెండు ఇంజనులను ఎదురెదురుగా నడిపి చూచిరి. రైల్వే మంత్రి ఎక్కిన ఇంజను రెండవదానికి 380 మీటర్ల దూరమున తనంతట ఆగినది. 2023 నాటికి దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్ల మార్గమునకు ఈ ఏర్పాటు జరిగినది. అందులో పెద్ద భాగము మన్మాడ్, ముద్ఖేడ్, సికిందరాబాదు, డోను, గుంతకల్లు మార్గము. మహబూబ్‌నగర్ దాటి మదనాపురము వద్దనున్న వనపర్తి రోడ్డు, ఆపైన గద్వాల స్టేషనులు ఈ మార్గముననే ఉన్నవి.

దీని పని తీరు చూచినచో ఆట ప్రోగ్రాము వ్రాయువాడు తన చుట్టమును గుర్తుపట్టును. స్టేషనులో ఒక యంత్రము, రేడియో టవరు ఉన్నవి. ఇంజనులో మరొక యంత్రము ఉన్నది. ఇంజను చక్రమునకు తగిలించిన సాధనము తిరుగుళ్ళను లెక్కించును. దానినిబట్టి ఇంజను తన స్థానమును తానే ఊహించుకొనును. పట్టాల నడుమ స్లీపర్లపై అచ్చటచ్చట, సాధారణముగా కిలోమీటరుకు మించని ఎడముతో, ఆర్.ఎఫ్.ఐ.డి. బిళ్ళలు బిగించి ఉన్నవి. వానికి విద్యుత్తు అక్కరలేదు. ఇంజను అడుగుననున్న పరికరము పైనుండి పోవుచు రేడియో తరంగమును పంపగానే బిళ్ళ తన చిరునామా చెప్పును. అప్పుడు ఇంజను తన లెక్కను దిద్దుకొనును. ఇంజను తన స్థానమును, వేగమును రేడియో ద్వారా స్టేషనుకు తెలుపును. స్టేషను 'ఇంత దూరము వరకు పోవచ్చును' అని అనుమతి పంపును. అందరి గడియారములును ఉపగ్రహముల కాలముతో కలుపబడి, ప్రతి వార్తపైన కాలము వ్రాయబడి ఉండును. క్లేటన్ సొరంగములో లేనిది ఇదియే.

ఐనను ఆటకును బండికిని నడుమ అధికారము పంచుకొను పద్ధతిలో ఒక భేదము ఉన్నది. ఆటలో 'నీవు ఎక్కడ ఉన్నావు' అనునది కూడ సర్వరే నిర్ణయించును. కవచ్‌లో 'ఎంతవరకు పోవచ్చును' అనునది స్టేషను చెప్పును. 'ఎక్కడ ఉన్నాను' అనునది ఇంజను చెప్పును. ఇంజను తప్పును పట్టాపైనున్న బిళ్ళ దిద్దును. బండి మాయాలోకపు వస్తువు కాదు గదా! దానిని అరమీటరు వెనుకకు లాగి పెట్టుటకు ఏ సర్వరుకును శక్తి లేదు.

అందుచేతనే ఊహించు తీరు కూడ మారినది. ఆట క్లయింటు ధైర్యవంతుడు. అంతయు అనుకొన్నట్లే జరుగునని తలచి ముందుకు పోవును, తప్పినచో వెనుకకు వచ్చును. ఇంజను యంత్రము అనుమానపు మనిషి. దాని లెక్కలోని పొరపాటును గమనింపుడు. ఇంజను కొత్త చక్రపు వ్యాసము 1,092 మిల్లీమీటర్లు. అరిగి అరిగి 1,016 వరకు వచ్చినను వాడుదురు. వ్యాసమును నూటికి ఒక పాలు ఎక్కువగా లెక్కించిన, కిలోమీటరులో 10 మీటర్ల తప్పు వచ్చును. చక్రము పట్టాపై నిలిచినచోటనే గిరగిర తిరిగిన ఇంజను తాను పోనంత దూరము పోయితిననుకొనును. అది కొంత మేలు, ఎర్రదీపమునకు ముందుగానే ఆగును. బ్రేకు వేసినప్పుడు చక్రము తిరుగక జారినచో కీడు. తిరుగుళ్ళు తగ్గును, దీపము ఇంకను దూరమున ఉన్నదని యంత్రము భ్రమపడును. గంటకు 100 కిలోమీటర్ల వేగమున బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోవుచుండునని గుర్తుంచుకొనవలెను. కాబట్టి ఇట్టి యంత్రము తన స్థానమును ఒక బిందువుగా కాక 'ఇక్కడి నుండి ఇక్కడి వరకు' అని ఒక పట్టీగా తలచి, ఆ పట్టీలో ప్రమాదమునకు దగ్గరి కొసను నమ్మును. బిళ్ళ దాటగానే పట్టీ కుంచించును. దూరము పోయినకొలది విస్తరించును. వార్తలు ఆగిపోయినచో పాత అనుమతిని కలకాలము నమ్ముకొని పోదు.

ఈ వ్యవస్థకు తెలియనివి కూడ ఉన్నవి. 1956 సెప్టెంబరు 2వ తేదీన ఈ మార్గముననే జడ్చర్ల–మహబూబ్‌నగర్‌ల నడుమ వరదలో వంతెన కూలి బండి పడిపోయి నూరుమందికి పైగా మరణించిరి. చక్రమును, బిళ్ళను, రేడియోను నమ్ముకొన్న యంత్రమునకు క్రింది వంతెన సంగతి తెలియదు. 2023 జూన్ 2వ తేదీన ఒడిశాలోని బాలేశ్వర్ వద్ద 290 మందికి పైగా బలిగొన్న ప్రమాదములో, సిగ్నలు తీగల మార్పులలోని లోపముచే, బండి ప్రక్క లైనుకు మరలునట్లు ఉన్నను పచ్చదీపము వెలిగినది. అచట కవచ్ లేదు. ఉన్నను, కవచ్‌కు సమాచారము వచ్చునది ఆ సిగ్నలు వ్యవస్థ నుండియే. ప్రమాణముగా నమ్మిన పుస్తకములోనే తప్పు పడినప్పుడు ఎంత చక్కగా సరిచూచుకొన్నను అందరును ఆ తప్పుతోనే సరిపోలుదురు. రైల్వే అధికారులు కిలోమీటర్ల లెక్కతో పాటు ఇంజనుల లెక్కను కూడ చెప్పుట అవసరము. 1,465 కిలోమీటర్లు సిద్ధమైన 2023లో అమర్చిన ఇంజనులు నూటయిరవై పైచిలుకు మాత్రమే. పట్టాపై బిళ్ళలున్నను ఇంజనులో యంత్రము లేని బండికి అవి ఉత్త ప్లాస్టిక్ ముక్కలు. 2024 జూలైలో ఆమోదము పొందిన 4.0 రూపముతో పని వేగముగా విస్తరింప నారంభించినది.

పాఠశాలలో దీనిని చూపుటకు ఇంజను అక్కరలేదు, సైకిలు చాలును. వెనుక చక్రపు ఆకుకు ఎర్రగుడ్డ కట్టి, గాలి నిండుగా కొట్టి, మనిషి కూర్చుండగా ఒక్క తిరుగుడుకు ఎంత దూరము పోవునో టేపుతో కొలువవలెను. 2.10 మీటర్లు వచ్చెననుకొందము. ఇప్పుడు కొంత గాలి తీసివేసి, ఆటస్థలములో కొలిచి గీసిన 100 మీటర్లు త్రొక్కించి తిరుగుళ్ళు లెక్కింపవలెను. తిరుగుడుకు 2.08 మీటర్లే పోవుచున్నచో 48కి కొంచెము పైగా తిరుగుళ్ళు వచ్చును, పాత 2.10తో గుణించిన దాదాపు 101 మీటర్లు. తప్పు ఒక మీటరు. తరువాత 25 మీటర్లకు ఒక సుద్దగీత గీసి, గీత దాటినప్పుడెల్ల లెక్కను దిద్దుకొనుమని చెప్పి మరల త్రొక్కింపవలెను. ఈసారి తప్పు ఎక్కడను పాతిక సెంటిమీటర్లు దాటదు. గీతల ఎడము 10 మీటర్లు చేసిన ఎంత వచ్చునో, తడిసిన నేలపై బ్రేకు వేసి చక్రము జార్చిన ఏమగునో విద్యార్థులే కొలిచి చెప్పగలరు.